గేరు దించగానే కారు ఎందుకు ఉలిక్కిపడుతుంది?

అరకు నుంచి కిందికి దిగుతున్నాం. బాబాయి నడిపినంతసేపూ డిక్కీలో పెట్టిన సీతాఫలాల బుట్ట కదల్లేదు. అనంతగిరి దాటాక స్టీరింగు నా చేతికొచ్చింది. మొదటి మలుపు ముందు బ్రేకు నొక్కాను, క్లచ్ తొక్కి మూడో గేరు నుంచి రెండో గేరుకి మార్చాను, క్లచ్ వదిలాను. ఎవరో వెనక నుంచి పట్టి గుంజినట్టు కారు ఒక్క కుదుపు కుదిపింది. అందరి తలలూ ముందుకు వాలాయి. డిక్కీలో బుట్ట బోర్లాపడి కాయలు దొర్లిన చప్పుడు.

డ్రైవింగ్ స్కూల్లో నేర్పిన వరసలోనే అన్నీ చేశాను. క్లచ్ తొందరగా వదిలానేమో అనుకుని తర్వాతి మలుపులో మెల్లగా వదిలాను. కుదుపు తగ్గింది గానీ ఇంజన్ మూలుగుతూ పైకి లేచింది. నాలుగైదు మలుపులు తిరిగేసరికి కారులో సన్నగా కాలిన వాసన మొదలైంది. అదే కారు, అదే రోడ్డు. బాబాయి చేతిలో లేని కుదుపు నా చేతిలో ఎక్కణ్ణుంచి వచ్చింది?

బాబాయి పాతికేళ్లు లారీ నడిపినవాడు. "ఇంజన్‌కి చెప్పకుండా గేరు మార్చేస్తున్నావురా. ముందు దాన్ని పరిగెత్తించు, తర్వాత కలుపు" అన్నాడు.

ఆ మాటలో ఉన్న యంత్రశాస్త్రం పూర్తిగా బోధపడటానికి నాకు చాలాకాలం పట్టింది. రేసు డ్రైవర్లు 'హీల్ అండ్ టో' అని పిలుచుకునే కాలి పని కూడా ఆ మాటకి కొనసాగింపే. రేసులు ఆడే ఉద్దేశం లేనివాళ్లకి, ముఖ్యంగా ఘాట్ రోడ్ల మీద మాన్యువల్ కారు నడిపేవాళ్లకి అది తెలిసుండటం మంచిదని నా నమ్మకం.

చెయ్యి పట్టుకుని నడిచే తండ్రీ బిడ్డా

ఒక తండ్రి పిల్లాడి చెయ్యి పట్టుకుని నడుస్తున్నాడనుకోండి. తండ్రి ఒక అడుగు వేసేలోగా పిల్లాడు రెండో మూడో అడుగులు వేయాలి. ఇద్దరూ కలిసే ముందుకు సాగుతున్నా కాళ్లు ఆడే వేగాలు వేరు. కారులో తండ్రి చక్రాలు, పిల్లాడు ఇంజన్. వాళ్లిద్దరూ పట్టుకున్న చెయ్యి క్లచ్.

గేరంటే పిల్లాడి ఎత్తు. అయిదో గేరులో పిల్లాడు బాగా ఎదిగినవాడు, తండ్రితో దాదాపు అడుగు కలపగలడు. గేరు తగ్గేకొద్దీ పిల్లాడు చిన్నవాడవుతాడు, అంతే దూరానికి ఎక్కువ అడుగులు వేయాల్సి వస్తుంది. మొదటి గేరులో వాడు బుడిబుడి అడుగుల పసివాడు.

లెక్కలో చూద్దాం. మామూలు చిన్న పెట్రోలు కారు గంటకి 50 కిలోమీటర్ల వేగంతో మూడో గేరులో వెళ్తుంటే ఇంజన్ నిమిషానికి సుమారు 2,500 చుట్లు తిరుగుతుంది. అదే వేగంలో రెండో గేరుకి రావాలంటే సుమారు 3,700 చుట్లు తిరగాలి. కారుని బట్టి అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి, కానీ మూడు నుంచి రెండుకి దిగితే ఇంజన్ వేగం ఇంచుమించు ఒకటిన్నర రెట్లు కావాలన్నది చాలా కార్లకి వర్తిస్తుంది.

నేను చేసిందేమిటి? క్లచ్ తొక్కాను, అంటే తండ్రి చెయ్యి వదిలేశాడు. కాలు యాక్సిలరేటర్ మీద లేదు, బ్రేకు మీద ఉంది. వదిలేసిన పిల్లాడు ఎలాగూ ఆగిపోతాడు: ఇంజన్ 2,500 నుంచి తన విశ్రాంతి వేగమైన 800 వైపు జారిపోతోంది. ఈలోగా నేను గేరు మార్చాను, పిల్లాడు ఇంకా చిన్నవాడయ్యాడు. అప్పుడు క్లచ్ వదిలాను. జోరుగా నడుస్తున్న తండ్రి, దాదాపు నిలబడిపోయిన చిన్న పిల్లాడి చెయ్యి ఒక్కసారిగా అందుకున్నాడు. పిల్లాడి భుజం లాగేసినట్టవుతుంది, తండ్రి అడుగూ తడబడుతుంది. ఆ తడబాటే మనకి తగిలిన కుదుపు.

ఇంజన్ లోపల బరువైన క్రాంకు షాఫ్టు, దాని చివర ఇంకా బరువైన ఫ్లైవీలు ఉంటాయి. వాటిని 800 నుంచి 3,700 చుట్లకి తీసుకెళ్లాలంటే శక్తి కావాలి. పెట్రోలు ఇవ్వకపోతే ఆ శక్తి కారు పరుగులోంచే వస్తుంది. కారు తన వేగంలో కొంత తీసి ఇంజన్‌ని తిప్పుతుంది. గేరు ఎంత చిన్నదైతే తిప్పాల్సిన చుట్లూ అంత ఎక్కువ, చక్రాల మీద పడే లాగుడూ అంత ఎక్కువ. నాలుగు నుంచి మూడుకి దిగితే పెద్దగా తెలియని కుదుపు, రెండు నుంచి ఒకటికి దిగితే పళ్లు తగులుకునేంత ఎందుకవుతుందో ఇప్పుడు ఊహించవచ్చు.

క్లచ్ మెల్లగా వదిలితే కుదుపు తగ్గుతుంది, నిజమే. శక్తి అంతే ఖర్చవుతుంది, కాకపోతే కాస్త తీరిగ్గా. ఆ తీరిక సమయమంతా క్లచ్ ప్లేటు, ఫ్లైవీలు ఒకదానితో ఒకటి రాసుకుంటూ వేడెక్కుతాయి. నాకు వచ్చిన కాలిన వాసన దానిదే.

టైరు జీతం

కుదుపుతో పోయేది క్లచ్ ప్లేటు ఒక్కటే అయితే మెకానిక్కు దగ్గరికి వెళ్లి మార్పించుకోవచ్చు. అసలు ప్రమాదం టైరు దగ్గరుంది.

ఒక్కో టైరు రోడ్డుని తాకేది సుమారు అరచేతి వైశాల్యం మేరకే. ఆ అరచేయంత రబ్బరు ఇవ్వగల పట్టుకి ఒక హద్దుంది. నెల జీతం లాంటిది అది. బ్రేకు వేయడానికి కొంత, మలుపు తిరగడానికి కొంత ఖర్చు పెట్టుకోవచ్చు. రెండూ కలిసి జీతం దాటితే టైరు జారుతుంది. అప్పు దొరకదు.

మలుపు ముందు గట్టిగా బ్రేకు వేస్తే కారు ముక్కు కిందికి వంగుతుంది. బరువు ముందు చక్రాల మీదికి చేరి వెనక చక్రాలు తేలికవుతాయి. అంటే వెనక టైర్ల జీతం తగ్గిపోయింది. సరిగ్గా ఆ క్షణంలో, ఇంజన్ వెనక చక్రాలని తిప్పే కారులో, గేరు దించిన కుదుపు ఆ తేలికైన చక్రాల మీదే పడితే అవి తిరగడం మానేసి జారతాయి. కారు వెనక భాగం పక్కకి కొట్టుకుపోతుంది. మన రోడ్ల మీది చిన్న కార్లలో ఎక్కువ శాతం ముందు చక్రాలతో నడిచేవి. వాటిలో కుదుపు ముందు టైర్ల మీద పడుతుంది. అవి జారితే స్టీరింగు ఎంత తిప్పినా కారు తిన్నగానే పోతుంది. ఘాట్ రోడ్డులో తిన్నగా పోవడమంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

ఏబీఎస్ ఉందిగా అనుకోవచ్చు. ఏబీఎస్ చేయగలిగింది చక్రం బిగుసుకుంటుంటే బ్రేకు ఒత్తిడి తగ్గించడం. చక్రాన్ని బిగించింది బ్రేకు కాక ఇంజన్ అయితే తగ్గించడానికి దాని చేతిలో ఏమీ లేదు. కొన్ని కార్లలో స్టెబిలిటీ కంట్రోల్ అది కనిపెట్టి, తానే కాస్త పెట్రోలు ఇచ్చి ఇంజన్‌ని పరిగెత్తిస్తుంది. బాబాయి చెప్పిన పనే కంప్యూటరు చేస్తుందన్నమాట.

■ సింక్రో ఉండగా ఇదంతా ఎందుకు?
గేర్‌బాక్సులో గేర్లు కలిసేముందు వాటి వేగాలు సమం చేయడానికి సింక్రోనైజర్ రింగులుంటాయి. చాలావరకు ఇత్తడివి, గరాటు ఆకారంలో ఉంటాయి. కలవాల్సిన గేరుని ముందుగా ఒరుసుకుని దాని వేగాన్ని దారికి తెస్తాయి, తర్వాతే పళ్లు కలుస్తాయి. 1928లో కాడిలాక్ కార్లలో మొదట వచ్చిన ఈ ఏర్పాటు వల్లే మనం గేరు మారిస్తే 'కర్ర్'మని అరవడం లేదు. అయితే క్లచ్ తొక్కి ఉన్నప్పుడు ఇంజన్ గేర్‌బాక్సు నుంచి విడిపోయి ఉంటుంది. సింక్రో సమం చేసేది గేర్‌బాక్సు లోపలి భాగాల వేగాన్ని. గోడ అవతల ఉన్న ఇంజన్‌ని అది తాకలేదు. ఆ బాధ్యత డ్రైవరు కాలిదే.

లారీ డ్రైవర్ల డబుల్ క్లచ్

బాబాయి నడిపిన కాలంలో చాలా లారీ గేర్‌బాక్సుల్లో సింక్రో ఉండేది కాదు. కాబట్టి గేరు దించడానికి ఒక తంతు ఉండేది. క్లచ్ తొక్కి న్యూట్రల్‌లోకి తేవడం, క్లచ్ వదలడం, ఒక్క రేస్ ఇవ్వడం, మళ్లీ క్లచ్ తొక్కి కింది గేరు వేయడం. దీన్నే డబుల్ క్లచ్ కొట్టడం అనేవారు. న్యూట్రల్‌లో ఉండగా క్లచ్ వదిలి రేస్ ఇస్తే ఇంజన్‌తో పాటు గేర్‌బాక్సు లోపలి షాఫ్టు కూడా వేగం అందుకుంటుంది. అప్పుడు కింది గేరు వెన్నలా పడుతుంది. రేస్ చాలకపోయినా, ఎక్కువైనా గేరు పడదు, చేతికి పళ్లు కొరికిన కంపనం తెలుస్తుంది. చెవితోనూ అరచేతితోనూ నేర్చుకున్న విద్య అది. అంబాసిడర్, ఫియట్ కార్లు నడిపిన పాత తరం వాళ్లకీ ఇది కొంత తెలుసు, వాటి మొదటి గేరుకి సింక్రో లేదు గనక.

సింక్రో ఉన్న ఇప్పటి కార్లకి రెండుసార్లు క్లచ్ తొక్కక్కర్లేదు. మధ్యలో ఇచ్చే ఆ రేస్ మాత్రం ఇప్పటికీ కావాలి. క్లచ్ కింద ఉండగానే యాక్సిలరేటర్ మీద ఒక్క తట్టు తడితే, ఏ బరువూ లేని ఇంజన్ చటుక్కున మూడు వేల పైకి ఎగురుతుంది. ఆ ఎగిరిన క్షణంలో క్లచ్ వదలాలి. తండ్రి చెయ్యి చాపేసరికి పిల్లాడు పక్కనే పరిగెడుతూ ఉంటాడు.

మూడు పెడల్స్, రెండు కాళ్లు

చిక్కు ఇక్కడ మొదలవుతుంది. ఎడమ కాలు క్లచ్ మీద ఉంది. కుడి కాలు బ్రేకు మీద ఉంది. రేస్ ఎవరివ్వాలి?

చదునైన రోడ్డు మీద దీనికి సులువైన జవాబుంది. ముందు బ్రేకు వేసి వేగం తగ్గించి, కాలు తీసి, తర్వాత తీరిగ్గా క్లచ్ తొక్కి, రేస్ ఇచ్చి గేరు దించితే సరి. ఊళ్లో నడిపేవాళ్లకి ఇంతకి మించి అవసరం లేదని నా అభిప్రాయం. దిగుడులో ఈ జవాబు పనిచేయదు. బ్రేకు మీంచి కాలు తీసి రేస్ ఇచ్చే ఆ ఒక్క క్షణంలో, క్లచ్ తొక్కి ఉంది గనక కారుని పట్టుకునే నాథుడు లేడు. వాలు దాన్ని కిందికి లాక్కుపోతుంది. మలుపు ఇంకా దగ్గరవుతుంది. బ్రేకు వదలకూడదు, రేస్ ఇవ్వకుండా ఉండకూడదు.

రేసు డ్రైవరుదీ ఇదే ఇరకాటం, కారణం వేరు. అతనికి బ్రేకు వేసే దూరంలో ఒక్క అడుగు కూడా వృథా కాకూడదు, మలుపులోంచి బయటికొచ్చేసరికి లాగగల గేరులో ఉండాలి. అక్కడ కారుని నెమ్మదింపజేసేది బ్రేకులే. గేరు దించడం తర్వాతి పరుగు కోసం.

ఇద్దరికీ పరిష్కారం ఒక్కటే. కుడి పాదం ముందు భాగంతో బ్రేకు పట్టి ఉంచుతూనే, అదే పాదం కుడి అంచుని పక్కకి వాల్చి యాక్సిలరేటర్‌ని తట్టడం. 'హీల్ అండ్ టో' అంటే మడమ, వేళ్లు. నిజానికి ఇప్పటి కార్లలో చాలామంది వాడేది పాదం ముందు భాగపు రెండు అంచులే. పెడల్స్ మరీ ఎడంగా ఉంటేనే మడమని కుడివైపు తిప్పి తట్టాల్సి వస్తుంది. 1920ల నాటి బెంట్లీ కార్లలో యాక్సిలరేటర్ మధ్యలోనూ బ్రేకు కుడి చివరనా ఉండేవి. పెడల్స్ తారుమారైనా పాదానికి ఈ రెండు పనులూ తప్పలేదు.

దీన్ని కళ్లారా చూడాలంటే అయర్టన్ సెన్నా వీడియో ఒకటుంది. మూడుసార్లు ఫార్ములా వన్ విశ్వవిజేత అయిన సెన్నా జపాన్‌లోని సుజుకా ట్రాక్ మీద హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ కారు నడుపుతుంటే కాళ్ల దగ్గర కెమెరా పెట్టి తీశారు. ఆయన వేసుకున్నవి రేసు బూట్లు కూడా కావు, మామూలు లోఫర్లు. బ్రేకు మీద పాదం స్థిరంగా ఉంటుంది. దాని కుడి అంచు మాత్రం తబలా మీద వేలులా ఆడుతూ ఉంటుంది. ఆ వీడియోని నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, ప్రతిసారీ నా కళ్లు ఆ పాదం మీదే ఆగిపోతాయి.

బైకు నడిపేవాళ్లకి ఈ ఇరకాటం కొత్త కాదు. ముందు బ్రేకూ, యాక్సిలరేటరూ రెండూ కుడి చేతివే. రెండు వేళ్లతో బ్రేకు పట్టి, మిగతా అరచేత్తో రేస్ తిప్పేవాళ్లు చేస్తున్నది హీల్ అండ్ టోనే, చేత్తో.

పాదానికి పాఠాలు

నేను నేర్చుకున్న వరస చెబుతాను. ముందు చెప్పుల్లేకుండా చూసుకోవాలి. పలచటి అడుగు ఉన్న బూటైతే పెడల్ ఎంత దిగిందో పాదానికి తెలుస్తుంది. మొదటి సాధన నిలబడిన కారులో, హ్యాండ్ బ్రేకు వేసి, న్యూట్రల్‌లో, ఇంజన్ ఆన్‌లో ఉంచి. ఇంజన్ ఆపి చేస్తే కుదరదు, ఎందుకంటే నాలుగుసార్లు నొక్కేసరికి బ్రేకుకి సాయం చేసే వాక్యూమ్ అయిపోయి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది, దాని ఎత్తే మారిపోతుంది. బ్రేకు మీద ఒకే ఒత్తిడి ఉంచుతూ పాదం పక్కకి వాల్చి రేస్ ఇవ్వాలి. చిన్న పనిలా కనిపిస్తుంది. మొదటి వారమంతా నాకు రేస్ వచ్చినప్పుడల్లా బ్రేకు కూడా లోపలికి దిగిపోయేది.

రెండో సాధన మనుషులూ బళ్లూ లేని ఖాళీ చోట, బ్రేకు జోలికి పోకుండా, కేవలం రేస్ ఇచ్చి మూడు నుంచి రెండుకి దించడం. ఎంత తట్టు చాలో చెవి నేర్చుకునేది ఇక్కడే. తక్కువైతే కారు వెనక్కి గుంజుతుంది, ఎక్కువైతే ముందుకి దూకుతుంది, సరిపోతే ఏమీ జరగదు. ఈ రెండూ విడివిడిగా వచ్చాకే కలపాలి. కలిపేటప్పుడు పొరపాటున బ్రేకు బలంగా పడుతుంది కాబట్టి వెనక ఎవరూ ఉండకూడదు. ట్రాఫిక్ ఉన్న రోడ్డు దీనికి బడి కాదు.

ఇంకో మెళకువ. బ్రేకు మొదలుపెట్టగానే గేరు దించడానికి తొందరపడకూడదు. 50 దగ్గర దించితే ఇంజన్‌కి 3,700 చుట్లు కావాలి, 40కి తగ్గాక దించితే 3,000 చాలు. ఆలస్యంగా దించేకొద్దీ తట్టు చిన్నదవుతుంది. తొందరపాటుకి ఇంకో శిక్ష కూడా ఉంది. వేగంగా వెళ్తూ మూడు అనుకుని ఒకటిలో వేసి క్లచ్ వదిలితే, చక్రాలే ఇంజన్‌ని దాని హద్దు దాటించి తిప్పేస్తాయి. పెట్రోలు ఆపేసే రక్షణ ఏదీ అప్పుడు పనికిరాదు, తిప్పుతున్నది పెట్రోలు కాదు గనక. వాల్వులు పిస్టన్లకి తగిలి ఇంజన్ ముక్కలయ్యే ప్రమాదముంది.

కొన్ని కార్లలో ఈ విద్య పట్టుబడదు, తప్పు నేర్చుకునేవాడిది కాదు. ఒకే పాదం పొరపాటున రెండు పెడల్స్ నొక్కకుండా ఉండాలని కుటుంబ కార్లలో యాక్సిలరేటర్‌ని బ్రేకు కంటే బాగా లోతుగా పెడతారు. బ్రేకు గట్టిగా నొక్కినప్పుడే రెండూ ఒక మట్టానికి వస్తాయి. కొన్ని కొత్త కార్లలో బ్రేకు మీద కాలుండగా యాక్సిలరేటర్ తొక్కినా కంప్యూటరు పట్టించుకోదు. భద్రత కోసం పెట్టిన ఏర్పాటు అది, దాన్ని మార్చాలని చూడకూడదు.

దిగుడులో బిందె నీళ్లు

అసలు దిగుడులో గేరు దించడమెందుకు, బ్రేకులున్నాయిగా? తిరుమల నుంచి మొదటి ఘాట్ రోడ్డులో తిరుపతికి దిగే కారు సుమారు 700 మీటర్ల ఎత్తు కోల్పోతుంది. మనుషులతో కలిపి 1,200 కిలోల కారైతే, ఆ ఎత్తులో దాగిన శక్తి సుమారు 25 లీటర్ల నీళ్లని, అంటే రెండు బిందెల నీళ్లని, మరిగించడానికి సరిపోతుంది. గాలి, టైర్ల రాపిడి కొంత పంచుకున్నా మిగిలిన వేడంతా ఎక్కడికో పోవాలి. అదే పనిగా బ్రేకు తొక్కుతూ దిగితే అది బ్రేకు ప్యాడ్లలోకి పోతుంది. మితిమీరి కాగిన ప్యాడ్లు పట్టు కోల్పోతాయి. తేమ పీల్చుకున్న పాత బ్రేకు ఆయిలైతే మరిగి బుడగలు కడుతుంది, అప్పుడు పెడల్ తొక్కితే దూదిలో దిగినట్టు దిగిపోతుంది.

తక్కువ గేరులో దిగితే ఆ పనిలో పెద్ద వాటా ఇంజన్ తీసుకుంటుంది. సిరంజి ముక్కుని వేలితో మూసి వెనక్కి లాగి చూడండి, అది ఎదురు గుంజుతుంది. కాలు తీసేసిన పెట్రోలు ఇంజన్‌లో గాలి దారి దాదాపు మూసుకుపోయి, పిస్టన్లు అలాగే ఖాళీని గుంజుతుంటాయి. డీజిల్ ఇంజన్‌లో ఆ మూత సాధారణంగా ఉండదు, కాబట్టి లారీలకి పొగ గొట్టం దారిని మూసే ఎగ్జాస్ట్ బ్రేకు పెడతారు.

■ న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు మిగులుతుందా?
మిగలదు. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇప్పటి ఇంజన్లలో పెట్రోలు సరఫరా పూర్తిగా ఆగిపోతుంది, ఇంజన్‌ని చక్రాలే తిప్పుతాయి. న్యూట్రల్‌లో వేస్తే ఇంజన్ ఆరిపోకుండా ఉండటానికి పెట్రోలు కాలుతూనే ఉంటుంది. పైగా కారు బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. ఇంజన్ ఆపేసి దిగడం ఇంకా ప్రమాదం. బ్రేకుకి అందే సాయం పోతుంది, స్టీరింగు బిగుసుకుంటుంది.

యంత్రం నేర్చుకున్న విద్య

ఇన్ని దశాబ్దాలు మనుషుల కాళ్లు చేసిన పనిని యంత్రాలు ఒక్కొక్కటిగా అందుకున్నాయి. 1989లో ఫెరారీ 640 ఫార్ములా వన్ కారు స్టీరింగు వెనక మీటలతో గేర్లు మార్చింది, ఆ ఏడు బ్రెజిల్‌లో జరిగిన తొలి రేసునే నైజెల్ మాన్సెల్ దానితో గెలిచాడు. కొన్నేళ్లలోనే ఆ పోటీల్లో హీల్ అండ్ టో అవసరం పోయింది. 2009 మోడల్ నిస్సాన్ 370జెడ్‌లో గేరు రాడ్డు ఎటు కదులుతోందో చూసి కారే రేస్ ఇచ్చుకుంది. డామినార్ 400 లాంటి బైకుల్లో ఉండే స్లిప్పర్ క్లచ్ ఇంకో దారి పట్టింది. కుదుపు మితిమీరితే క్లచ్ తనంతట తానే కాస్త జారి చక్రాన్ని కాపాడుతుంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున పరిగెత్తిన ఫార్ములా ఈ కార్లకి క్లచ్చూ లేదు, మార్చాల్సిన గేర్లూ లేవు. విద్యుత్ మోటారుకి పిల్లాడి ఎత్తు మార్చాల్సిన అవసరమే రాదు.

అయినా మన ఘాట్ రోడ్ల మీద మాన్యువల్ కార్లు ఇంకా చాలాకాలం తిరుగుతాయి. నేను మళ్లీ అరకు వెళ్లింది ఏడాది తర్వాత. తిరుగు ప్రయాణంలో బాబాయి పక్క సీట్లో కూర్చున్నాడు. అనంతగిరి దాటాక మొదటి మలుపు వచ్చింది. బ్రేకు నొక్కాను, క్లచ్ తొక్కాను, రాడ్డు రెండులోకి వెళ్తుండగా పాదం పక్కకి వాల్చాను. ఇంజన్ ఒక్కసారి గొంతు పెంచింది. క్లచ్ వదిలాను.

బాబాయి లోయకేసి చూస్తున్నాడు. "ఎస్.కోటలో టీ తాగుదాంరా" అన్నాడు. గేరు మారినట్టు ఆయనకి తెలిసిందో లేదో నేను అడగలేదు.